పాత వాల్వులు, పాత మీటర్లు: ఎలా పోగెయ్యాలి, ఎలా పరీక్షించాలి

ట్రాన్సిస్టర్లకు ముందు గాజు గొట్టాలతో, అంటే వాల్వులతో నడిచిన రేడియోల మీద మోజు పుట్టగానే చాలామంది చేసేది ఒకటే. కంటికి నచ్చిన సెట్టు బేరమాడి తెచ్చుకోవడం, దుమ్ము తుడవడం, ప్లగ్గు పెట్టి స్విచ్చి వెయ్యడం. ఆ సెట్టు ముప్ఫై నలభై ఏళ్లుగా కరెంటు మొహం చూసి ఉండదు. చార్జిని దాచుకునే లోపలి కండెన్సర్లు ఎప్పుడో చచ్చిపోయి ఉంటాయి. పది నిమిషాల్లో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరో కాలిందంటే, దానికి బదులు తేవడం మాటలు కాదు. అందుకే వరుస మార్చమంటాను. ముందు కొలిచే సామాను, తర్వాత వాల్వులు, చివర్న సెట్లు. పరీక్షించడం ఎంతవరకు వస్తే అంతవరకే కొనండి. ఈ ఒక్క నియమం పెట్టుకుంటే డబ్బూ మిగులుతుంది, ఇల్లూ మిగులుతుంది.

ముందు హద్దు గీసుకోండి

ఫ్లెమింగ్ 1904లో డయోడు వాల్వు తయారుచేసినప్పటి నుంచి 1970ల దాకా ఇళ్లలో రేడియోలు, సినిమా హాళ్లలో యాంప్లిఫయర్లు, మిలిటరీ వైర్‌లెస్ సెట్లు, టీవీలు అన్నీ వాల్వుల మీదే నడిచాయి. రకాలు వేలల్లో ఉన్నాయి. అన్నీ కావాలనుకుంటే దేని సంగతీ పూర్తిగా తెలియదు.

కొత్తవాళ్లు 1950ల చివర్లో, 60లలో మన ఇళ్లకు వచ్చిన ఐదు వాల్వుల మెయిన్స్ రేడియోతో మొదలుపెడితే మంచిది. ఫిలిప్స్, మర్ఫీ, బుష్, హెచ్ఎంవీ, నేషనల్ ఎకో, పేరు ఏదైనా లోపలి వరుస చాలావాటిలో కాస్త అటూఇటూగా ఇలాగే ఉంటుంది. ఇసిహెచ్ 81 స్టేషన్‌ని పట్టి దాని ఫ్రీక్వెన్సీ మారుస్తుంది. ఇఎఫ్ 89 దాన్ని పెంచుతుంది. ఇబిసి 81 అందులోంచి మాటనీ పాటనీ విడదీస్తుంది. ఇఎల్ 84 స్పీకర్ని మోగిస్తుంది. ఇజెడ్ 80 వీటన్నిటికీ కావలసిన హెచ్‌టీని, అంటే 250 వోల్టుల చుట్టుపక్కల ఉండే డీసీని ఇస్తుంది. ఖరీదైన సెట్టయితే స్టేషన్ సరిగ్గా పట్టిందో లేదో చూపిస్తూ ఆకుపచ్చగా వెలిగే మ్యాజిక్ ఐ కూడా ఉంటుంది. అది ఇఎం 80 గానీ ఇఎం 84 గానీ అయి ఉంటుంది. ఈ ఆరు రకాల్లో ఒక్కోదాన్నీ రెండు మూడు కంపెనీలవి సంపాదించి, పక్కపక్కన పెట్టి చూడండి. ఆ తేడాలు కంటికి అలవాటైతే మిగతా వాల్వులు వాటంతటవే అర్థమవుతాయి.

మరోలా హద్దు గీసుకునేవాళ్లూ ఉన్నారు. కొందరికి మన దేశంలో తయారైనవే కావాలి. 1954లో బెంగళూరులో మొదలైన భారత్ ఎలక్ట్రానిక్స్ తర్వాత రేడియో వాల్వులు కూడా చేసింది. బెల్ (ఆ కంపెనీ పొట్టి పేరు) ముద్ర ఉన్న డబ్బాలు పాత మెకానిక్ షాపుల్లో ఇప్పటికీ బయటపడుతుంటాయి. కొందరికి వాల్వులు అక్కర్లేదు, మీటర్లే కావాలి. ఏదైనా సరే, ఒకటి తేల్చుకుని బజారుకు వెళ్లండి.

మొదటి ఖర్చు దేని మీద

మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఒకటి కొత్తది కొనండి. పాత మీటరు ఎంత ముద్దొచ్చినా, అది సరిగ్గా చూపిస్తోందో లేదో చెప్పడానికి నమ్మకమైనది ఒకటి చేతిలో ఉండాలి కదా.

రెండోది సీరీస్ బోర్డు. పాత మెకానిక్ షాపు ఏదైనా గుర్తు తెచ్చుకోండి, గోడకు చెక్క పలక, దాని మీద బల్బు హోల్డరు, పక్కనే ప్లగ్ సాకెట్. మెయిన్స్ ఫేజు ముందు బల్బులోంచి వెళ్లి ఆ తర్వాతే సాకెట్‌కి చేరుతుంది. సెట్టులో షార్ట్ ఉంటే బల్బు భగ్గున వెలిగి అలాగే ఉండిపోతుంది, సెట్టు మాత్రం కాలదు. షార్ట్ లేకపోతే మొదట కాస్త వెలిగి నెమ్మదిగా మసకబారుతుంది. దీనికి 60 వాట్లవి, 100 వాట్లవి పాతకాలపు ఫిలమెంటు బల్బులే వాడాలి. ఎల్ఈడీ బల్బు పనికిరాదు. బోర్డు కట్టడానికి ఎలక్ట్రీషియన్‌కి అరగంట పని. ఒక్కటి గుర్తుంచుకోండి: సీరీస్ బల్బు సెట్టుని కాపాడుతుంది గానీ మిమ్మల్ని కాపాడదు. షాక్ కొట్టేది కొడుతుంది.

మూడోది చిన్న వస్తువే, అయినా తప్పనిసరి. 10 కిలోఓమ్, 10 వాట్ల రెసిస్టర్‌కి రెండు వైపులా మంచి ఇన్సులేషన్ ఉన్న వైర్లు, చివర క్లిప్పులు. సెట్టు ఆపాక లోపలి కండెన్సర్లలో మిగిలిన చార్జిని దీంతో ఖాళీ చెయ్యాలి, తర్వాత మీటరు పెట్టి సున్నా అయిందని చూసుకోవాలి. ఆ తర్వాతే చెయ్యి లోపల పెట్టాలి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి టప్పుమనిపించే అలవాటు పాత మెకానిక్కుల్లో ఉండేది. దాన్ని నేర్చుకోకండి.

ఈ మూడూ అమిరాక అప్పుడు పాత మీటరు. నన్నడిగితే ఆవో మోడల్ 8 వెతకమంటాను. ఆంపియర్లు, వోల్టులు, ఓమ్‌లు, ఈ మూడు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలతో వచ్చిన పేరది. లండన్ కంపెనీ 1923లో మొదటి ఆవోమీటరు తెచ్చింది. మోడల్ 8 వచ్చింది 1951లో. మార్పులతో 2008 దాకా తయారవుతూనే ఉంది. మన దగ్గర రైల్వే, విద్యుత్ శాఖ, పాలిటెక్నిక్ ల్యాబులు, అన్నిచోట్లా తిరిగిన మీటరు. అదే ధోరణిలో మోట్వానే చేసిన మీటర్లు కూడా ఇక్కడ బాగానే దొరుకుతాయి.

డిజిటల్ మీటరుండగా ఇదెందుకు? పాత సర్వీస్ షీట్లలో వాల్వు లోపలి ప్లేట్ దగ్గర ఇన్ని వోల్టులు, స్క్రీన్ అనే జాలీ దగ్గర ఇన్ని అని రాసినవి ఇలాంటి మీటర్లతో కొలిచినవే. మోడల్ 8 డీసీలో వోల్టుకు 20,000 ఓమ్‌ల మీటరు. 100 వోల్టుల రేంజిలో దాని రెసిస్టెన్స్ 20 లక్షల ఓమ్‌లు. మీ డిజిటల్ మీటరుది సాధారణంగా కోటి ఓమ్‌లు. 2 లక్షల 20 వేల ఓమ్‌ల లోడ్ రెసిస్టర్ ఉన్నచోట కొలిస్తే ఆవో దాదాపు పదో వంతు తక్కువ చూపిస్తుంది, డిజిటల్ ఎక్కువ చూపిస్తుంది. ఆ తేడా చూసి వాల్వు పోయిందని కంగారుపడేవాళ్లున్నారు. షీటులో ఏ మీటరు వాడారో రాసి ఉంటుంది, ముందు అది చదవండి.

అమ్మేవాడి దగ్గర ఆవో కనబడితే ఇలా చూడండి. బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టి ముల్లు సున్నా మీద నిలుస్తోందా గమనించండి. కొంచెం అటూ ఇటూ వంచితే ముల్లు ఎక్కడా తగలకుండా కదిలి మళ్లీ సున్నాకి రావాలి. స్కేలు కింద అద్దం పట్టీ ఉంటుంది. ముల్లు, అద్దంలో దాని నీడ ఒకటైపోయేలా చూస్తూ రీడింగ్ తీసుకోవాలి. పెద్ద నాబులు రెండూ అన్ని స్థానాల్లో గట్టిగా క్లిక్‌మని ఆగాలి. డీసీ కొలవాలంటే కుడి నాబు డీసీ మీద పెట్టి ఎడమ నాబుతో రేంజి ఎంచుకోవాలి, ఏసీకి సరిగ్గా దీనికి తిరగేసి. ఓవర్‌లోడ్ అయితే ఎగిరే కటౌట్ బటన్ నొక్కి చూడండి, కూర్చోవాలి. తర్వాత బ్యాటరీ అర మూత తియ్యండి. మామూలు ఒకటిన్నర వోల్టు సెల్లుతో పాటు, పెద్ద ఓమ్‌ల రేంజికి 15 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా ఉంటుంది దీనికి. అక్కడ సెల్లు కారి ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంటే లోపలి వైండింగుల దాకా పాకి ఉండొచ్చు. ధర సగానికి తగ్గినా నేనైతే వదిలేస్తాను.

ఎక్కడ వెతకాలి

హైదరాబాద్‌లో ఆదివారం ఎర్రగడ్డ సంత, గురువారం జుమ్మేరాత్ బజార్. మీటర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఒక్కోసారి మిలిటరీ డబ్బాలు కూడా నేలమీద పరిచి ఉంటాయి. పొద్దున్నే వెళ్లాలి. కోఠీ గుజరాతీ గల్లీలో పాత సామాను తక్కువే గానీ కొత్త కండెన్సర్లు, రెసిస్టర్లు, వైర్లు అక్కడే దొరుకుతాయి. చెన్నై వెళ్తే రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్‌పీ రోడ్డు, ముంబైలో చోర్ బజార్ ఉండనే ఉన్నాయి.

సంతల కంటే మంచి చోటు మీ ఊళ్లో మూసేసిన రేడియో రిపేరు షాపు. ట్రాన్సిస్టర్ వచ్చాక, టీవీ వచ్చాక ఆ షాపులు ఒక్కొక్కటే మూతపడ్డాయి, సామాను అటకెక్కింది. వెళ్లి "బాబాయ్ గారూ, పాత వాల్వులేమైనా మిగిలాయా?" అని అడిగితే లేవనే చెప్తారు, అడిగేవాళ్లు లేక ఆయనే మర్చిపోయి ఉంటారు. కాసేపు కూర్చుని ఆయన బాగుచేసిన సెట్ల కబుర్లు విన్నాక అటక మీద రేకు డబ్బా గుర్తొస్తుంది. డబ్బాతో పాటు సర్వీస్ షీట్లు, సర్క్యూట్ బొమ్మలు కూడా అడగండి. వాల్వుల కంటే అవే అరుదు. వెల కూడా ఆయన్నే చెప్పమనండి, తర్వాత ఆయనకు తెలియని వెలకు అమ్ముకుని లాభపడాలని చూడకండి. ఇంకో నలుగురు మెకానిక్కుల అడ్రసులు ఆయన దగ్గరే ఉంటాయి.

కాలేజీ ల్యాబులు, ప్రభుత్వ సంస్థలు పాత పరికరాలను వేలం వేస్తుంటాయి. ప్రభుత్వ తుక్కు వేలాలు ఎక్కువగా ఎంఎస్‌టీసీ అనే ప్రభుత్వ సంస్థ ద్వారా ఆన్‌లైన్‌లో జరుగుతాయి. అక్కడ లాట్లు పెద్దవి. తరంగాన్ని తెర మీద చూపే ఒక ఆసిలోస్కోప్ కోసం టన్ను ఇనుము కొనాల్సి వస్తుంది, నలుగురు కలిస్తేనే కుదిరే పని. హైదరాబాద్‌లోనే ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో చుట్టూ హ్యామ్‌లు, అంటే లైసెన్సు తీసుకుని సరదాగా వైర్‌లెస్ నడిపేవాళ్లు, చాలామంది ఉన్నారు. వాళ్లతో పరిచయం పెంచుకుంటే సామానూ తెలుస్తుంది, సలహా కూడా ఉచితం.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు మే నెలలో ఒహాయోలో జరిగే డేటన్ హ్యామ్‌వెన్షన్ ఫ్లీ మార్కెట్ ఉంది. అక్కడ కొని ఇంటికి తెచ్చేటప్పుడు పరికరం వెనక ప్లేటు చదవండి. 115 వోల్టులు మాత్రమే అని ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. 60 సైకిల్స్ మాత్రమే అని కూడా ఉంటే మన 50 సైకిల్స్ మీద దాని ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కుతుంది, దాన్ని వదిలేయడమే మంచిది.

వాల్వు మీద రాత చదవడం

ఇది వచ్చేస్తే సగం విద్య వచ్చినట్టే. యూరప్ పద్ధతిలో మొదటి అక్షరం వాల్వుని వేడెక్కించే ఫిలమెంటు సంగతి చెబుతుంది. ఇ అంటే 6.3 వోల్టులు. డి అంటే 1.4 వోల్టుల బ్యాటరీ వాల్వు. యు అంటే 100 మిల్లీఆంపియర్ల సీరీస్ ఫిలమెంటు, పి అంటే 300 మిల్లీఆంపియర్లది, ఎక్కువగా టీవీల్లో వాడింది. తర్వాతి అక్షరాలు లోపల ఏముందో చెబుతాయి. లోపలి ఎలక్ట్రోడులు రెండైతే డయోడు, మూడైతే ట్రయోడు, ఐదైతే పెంటోడు, ఆరైతే హెక్సోడు, ఏడైతే హెప్టోడు. బి జంట డయోడు, సి ట్రయోడు, ఎఫ్ పెంటోడు, హెచ్ మిక్సరుకు వాడే హెక్సోడు లేదా హెప్టోడు, ఎల్ అవుట్‌పుట్ పెంటోడు, ఎం మ్యాజిక్ ఐ, వై ఏసీని డీసీగా మార్చే ఒంటి రెక్టిఫయరు, జెడ్ జంట రెక్టిఫయరు. అంకెల్లో మొదటిది పిన్నుల అమరిక. 3 అయితే ఎనిమిది పిన్నుల ఆక్టల్, 8 అయితే తొమ్మిది పిన్నుల నోవల్, 9 అయితే ఏడు పిన్నుల చిన్నది. ఇప్పుడు ఇసిఎల్ 82 అనే పేరు చదవండి: 6.3 వోల్టులు, ఒక ట్రయోడు, ఒక అవుట్‌పుట్ పెంటోడు, తొమ్మిది పిన్నులు. పుస్తకం తియ్యకుండానే సగం తెలిసిపోయింది.

అమెరికన్ పేర్లలో మొదటి అంకె ఫిలమెంటు వోల్టేజీకి దగ్గరగా ఉంటుంది. 6వి6 అంటే 6.3 వోల్టులు, 12ఏఎక్స్7 అంటే 12.6. ఒకే వాల్వుకు రెండు పేర్లుండటం మామూలే. ఇసిసి 83, 12ఏఎక్స్7 ఒకటే. ఇఎల్ 84, 6బిక్యూ5 ఒకటే. ఇఎల్ 34, 6సిఏ7 కూడా అంతే. మూడో పేరూ ఉంటుంది, డబ్బు మిగిల్చేది అదే. బ్రిటిష్ మిలిటరీ వాల్వులకు సివి నంబర్లు ఇచ్చింది. సివి 492 అని తుక్కులో కనబడేది ఇసిసి 83నే. సివి 4004 దాన్నే మరింత గట్టిగా చేసిన రకం. సివి 455 అంటే ఇసిసి 81. ఆ నంబరు తెలియని కొట్టువాడు తుక్కు ధరకే ఇచ్చేస్తాడు.

యు వాల్వులున్న సెట్టు విషయంలో మాత్రం జాగ్రత్త. యుసిహెచ్ 81, యుబిఎఫ్ 89, యుసిఎల్ 82, యువై 85 ఇలాంటివి కనబడ్డాయంటే అది ఏసీ-డీసీ సెట్టు. దాంట్లో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, మెయిన్స్ వైరు ఒకటి నేరుగా చాసిస్‌కే, అంటే భాగాలన్నీ బిగించిన ఇనుప పళ్లేనికే కలుస్తుంది. ప్లగ్గు తిరగబడితే చాసిస్ మొత్తం 230 వోల్టుల మీద ఉంటుంది. నాబు ఊడిపోయి బయటికొచ్చిన ఇనుప కడ్డీ ముట్టుకున్నా చాలు. ఇలాంటి సెట్టు మీద పని చెయ్యాలంటే సెట్టుని మెయిన్స్ నుంచి విడదీసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండి తీరాలి. అది లేనంతకాలం కొని అలమారలో పెట్టుకోండి, విప్పకండి.

కొట్టు దగ్గరే చేసే పరీక్షలు

వాల్వు తల దగ్గర గాని పక్కన గాని వెండి రంగు మచ్చ ఉంటుంది. గెట్టర్ అంటారు. లోపల మిగిలిన గాలిని పీల్చేసేందుకు వేసిన బేరియం పూత అది. మెరుస్తూ ఉంటే లోపల శూన్యం చెక్కుచెదరలేదని అర్థం. పాలలా తెల్లగా మారితే గాలి దూరినట్టే, ఇక దానికి మందు లేదు. పిన్నుల మొదట్లో గాజు సన్నగా పగిలిందేమో వెలుతురుకు పెట్టి చూడండి. వంగిన పిన్నుని కొట్టు దగ్గర సరిచెయ్యబోకండి, ఆ పగులు వచ్చేది అప్పుడే. పెన్సిల్‌తో మెల్లగా తట్టి వినండి. లోపల ఏదైనా ఊడి గలగలమంటే వద్దు.

తర్వాత మీటరు తీసి ఫిలమెంటు చూడండి. వాల్వుని తిరగేసి, పిన్నుల మధ్య ఎక్కువ ఖాళీ ఉన్నచోట నుంచి (ఆక్టల్ అయితే మధ్య గూటం మీది గట్టు నుంచి) గడియారం ముల్లు తిరిగే వైపు లెక్కపెట్టాలి. తొమ్మిది పిన్నుల వాటిలో ఎక్కువగా 4, 5 ఫిలమెంటు. ఏడు పిన్నుల వాటిలో ఎక్కువగా 3, 4. ఆక్టల్‌లో చాలావాటికి 2, 7. చల్లగా ఉన్నప్పుడు కొద్ది ఓమ్‌లే చూపిస్తుంది. ఏమీ చూపించకపోతే ఫిలమెంటు తెగింది.

డి వాల్వులకు, అంటే డికె 96, డిఎఫ్ 96, డిఎల్ 96 లాంటి బ్యాటరీ సెట్ల వాటికి ఈ పరీక్ష ఆవోతో చెయ్యకండి. డిఎఫ్ 96 ఫిలమెంటుకు 25 మిల్లీఆంపియర్లే కావాలి. ఆవో చిన్న ఓమ్‌ల రేంజిలో అంతకు మూడింతల దాకా కరెంటు పంపగలదు. పరీక్ష పేరుతో మంచి వాల్వుని మీరే కాల్చేసినట్టవుతుంది. డిజిటల్ మీటరుతో చూస్తే ఆ భయం లేదు.

గాజు మీద అక్షరాల్ని తుడవకండి. ముద్ర చాలా పలచన, తడి గుడ్డ తగిలితేనే పోతుంది. అప్పటికే చెరిగి ఉంటే నోటితో ఆవిరి ఊది ఏటవాలుగా చూస్తే ఒక్కోసారి కనిపిస్తుంది.

వాల్వు టెస్టర్ సంగతి చాలామంది అడుగుతారు. ఆవో వాల్వు క్యారక్టరిస్టిక్ మీటరు, పెట్టెలా మడిచే సిటి 160 గొప్పవే, కానీ వెల కూడా గొప్పగానే ఉంటుంది. పైగా టెస్టర్లలో కూడా తేడాలున్నాయి. ఎమిషన్, అంటే వేడెక్కిన క్యాథోడ్ ఎలక్ట్రాన్లు వదులుతోందా అన్నది ఒక్కటే చూపే చౌక రకం బాగుందన్న వాల్వు సెట్టులో పలకకపోవచ్చు. మ్యూచువల్ కండక్టెన్స్, అంటే గ్రిడ్ అనే లోపలి తీగ జాలీ మీద ఒక వోల్టు మారితే ప్లేట్ కరెంటు ఎంత మారుతుందో కొలిచేది అయితేనే దండగ కాదు. ఇఎల్ 84కి వోల్టుకు 11.3 మిల్లీఆంపియర్లు, ఇసిసి 83కి 1.6 ఉండాలని పుస్తకం చెబుతుంది, దానికి ఎంత దగ్గరగా ఉందో చూస్తాం. మొదట్లో అంత ఖర్చు అక్కర్లేదు. చక్కగా పలికే సెట్టు ఒకటుంటే, అందులో ఒక్కో వాల్వు తీసి మీది పెట్టి వినడమే మంచి పరీక్ష.

సెట్టు ఇంటికొచ్చాక

కవరు తియ్యండి. ఫొటోలు తియ్యండి, చాసిస్ కింద వైపువి మరీ ఎక్కువ. ఎలకలు కొరికిన వైర్లు, మురిగిన రబ్బరు మెయిన్స్ త్రాడు మార్చెయ్యండి. వెనక వోల్టేజ్ ట్యాప్ ఉంటే 230 లేదా దానికి పైన ఉన్నదాంట్లో పెట్టండి.

ఇక కండెన్సర్లు. మైనం కారిన కాగితం కండెన్సర్లు ఒక్కటీ మిగల్చకుండా మార్చాలి. అదే విలువ, 630 వోల్టుల పాలిస్టర్‌వి పెట్టండి. మెయిన్స్ మీద నేరుగా ఉన్నవాటికి మెయిన్స్ కోసమే చేసిన ఎక్స్2 రకమే వాడాలి. మైకా, సిరామిక్ కండెన్సర్లు సాధారణంగా బాగానే ఉంటాయి, వాటి జోలికి పోవద్దు. పెద్ద ఎలక్ట్రోలిటిక్ డబ్బా అందంగా ఉంటుంది కాబట్టి పైన అలాగే ఉంచి, వైర్లు విప్పేసి, కొత్త 450 వోల్టులవి చాసిస్ కింద కట్టండి.

వీటన్నిటిలో ఒక్క కండెన్సర్ మీద నా చూపు ముందు పడుతుంది. మొదటి ఆడియో వాల్వు ప్లేట్ నుంచి అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కి వెళ్లే 0.01 మైక్రోఫారడ్‌ది. అది కొంచెం లీకైనా హెచ్‌టీ గ్రిడ్ మీదికి వస్తుంది, వాల్వు విపరీతంగా కరెంటు లాగి ప్లేట్లు ఎర్రగా కాలతాయి, దాంతోపాటు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. కొత్తది వేశాక సీరీస్ బోర్డు మీద సెట్టు పెట్టండి. బల్బు మసకబారితే ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని ఇఎల్ 84 రెండో పిన్ను దగ్గర కొలవండి. చాసిస్‌తో పోలిస్తే అక్కడ పాజిటివ్ ఉండకూడదు. నేరుగా మెయిన్స్ మీదికి మార్చాక మూడో పిన్ను, అంటే క్యాథోడ్ దగ్గర 7 వోల్టులకు దగ్గర్లో ఉంటే అంతా సజావుగా ఉన్నట్టే. పవర్ వాల్వుల్లో గాజు లోపలి గోడకి అంటుకుని నీలం వెలుగు కనబడితే భయపడక్కర్లేదు. ప్లేట్ల మధ్య ఊదారంగు మెరుపు కనబడితే మాత్రం వెంటనే ఆపెయ్యండి.

స్కోపులు, జనరేటర్లు

ఆసిలోస్కోప్ మోజు తొందరగా పడుతుంది, స్థలం కూడా తొందరగా అయిపోతుంది. టెక్ట్రానిక్స్ 545 లాంటి వాల్వు స్కోపు దాదాపు 30 కిలోలు, వేసవిలో గదిలో హీటరు పెట్టుకున్నట్టే. అయినా ఆ పనితనం చూసి తీరాలి. వైర్లన్నీ తెల్లని సిరామిక్ పట్టీల గాళ్లలో వరుసగా అతికి ఉంటాయి. ఆ పట్టీలకు వెండి కలిసిన సోల్డరే వాడాలని కంపెనీ చిన్న చుట్ట ఒకటి లోపలే పెట్టి పంపేది. మూత తీస్తే ఒక్కోసారి అది ఇంకా అక్కడే ఉంటుంది. మామూలు సోల్డరు పదేపదే వాడితే పట్టీ మీది వెండి పూత లేచిపోతుంది.

మొదటి స్కోపుగా మాత్రం 20, 30 మెగాహెర్ట్‌జ్‌ల ట్రాన్సిస్టర్ స్కోపు చాలు. సైంటిఫిక్ ఇండోర్, ఆప్లాబ్ చేసినవి మన కాలేజీ ల్యాబుల నుంచి బయటికొస్తుంటాయి. స్విచ్చి వెయ్యకముందే తెర మీద కాలిన మచ్చ ఉందేమో చూడండి. బ్రైట్‌నెస్ బాగా తగ్గించి, అప్పుడు వెయ్యండి. చుక్క ఒకేచోట నిలబడితే తెర అక్కడ కాలిపోతుంది. ప్రోబుని స్కోపు మీదే ఉండే క్యాలిబ్రేటర్‌కి తగిలించి చతురస్రపు తరంగం వస్తోందా చూసి, ప్రతి స్విచ్చీ ప్రతి స్థానంలో తిప్పండి. పిక్చర్ ట్యూబు దగ్గర వేల వోల్టులుంటాయి, మూత విప్పే పని అనుభవం వచ్చాకే.

పరీక్షకు సిగ్నల్ పుట్టించే ఆడియో జనరేటర్లలో చరిత్ర కావాలంటే హ్యూలెట్-ప్యాకర్డ్ 200 వరస. 1939లో ఆ కంపెనీ మొదలైందే ఆ ఆసిలేటర్‌తో, డిస్నీ స్టూడియో ఎనిమిది కొంది. సిగ్నల్ స్థిరంగా ఉండటానికి లోపల ఒక చిన్న బల్బు పెట్టారు. కరెంటు పెరిగితే బల్బు వేడెక్కి రెసిస్టెన్స్ పెరుగుతుంది, దాంతో సిగ్నల్ దానంతటదే తగ్గుతుంది. ఇలాంటివి చూసినప్పుడే డబ్బులు పోయినా బాధనిపించదు.

ధరలు, దొంగ ముద్రలు

ధరంతా ఆడియో వాల్వులదే. ఇసిసి 83, ఇఎల్ 34, ఇఎల్ 84లకు గిటార్ యాంప్లిఫయర్లవాళ్లు, హైఫైవాళ్లు ఎగబడతారు. ఇవి స్లొవాకియాలో, రష్యాలో, చైనాలో ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి. ఇఎఫ్ 89, ఇబిఎఫ్ 89 లాంటి రేడియో వాల్వులు చౌక. పిఎల్, పిసిఎల్, పివై టీవీ వాల్వులైతే ఇంకా చౌక. మీకు కావలసింది రేడియోవే కాబట్టి ఆ పోటీలోకి దిగక్కర్లేదు.

ధర ఉన్నచోట దొంగ ముద్ర కూడా ఉంటుంది. ముల్లార్డ్ అని అచ్చేసి ఏదో వాల్వు అంటగడతారు. అచ్చుని కాదు, గాజు కింది భాగంలో మసకగా చెక్కినట్టున్న కోడుని నమ్మండి. ఫిలిప్స్ కుటుంబం వాల్వుల్లో పై వరుస రకాన్ని చెబుతుంది. ఐ63 అంటే ఇసిసి 83. కింది వరుసలో ఫ్యాక్టరీ అక్షరం, సంవత్సరం చివరి అంకె, నెల అక్షరం, వారం. బి5జె3 అని ఉంటే ఇంగ్లండులో బ్లాక్‌బర్న్ ఫ్యాక్టరీ, 5తో ముగిసే సంవత్సరం, అక్టోబరు, మూడో వారం. టెలిఫంకెన్ నోవల్ వాల్వులకు పిన్నుల మధ్య గాజులోనే వజ్రం గుర్తు పోతపోసి ఉంటుంది. రంగు అచ్చు వెయ్యడం సులువే, ఇవి తెచ్చిపెట్టడం కష్టం.

ఇంట్లోకి రాకూడనివి

866 లాంటి పాదరసం రెక్టిఫయర్లు పిల్లలున్న ఇంట్లో పెట్టకండి. మిలిటరీ మీటర్లలో డయల్ మీద చీకట్లో వెలిగేందుకు వేసి ఇప్పుడు గోధుమరంగుకు తిరిగిన పూత ఉంటే అది రేడియోధార్మిక రేడియం కావచ్చు. అద్దం తియ్యకండి, గీకకండి. రాడార్, ట్రాన్స్‌మిటర్ వాల్వుల తెల్ల సిరామిక్‌లో బెరీలియం ఉండే అవకాశం ఉంది, పగలగొడితే ఆ పొడి ఊపిరితిత్తులకు ప్రమాదం. ట్రాన్స్‌మిటర్ సెట్లు కొనేముందు లైసెన్సు సంగతి హ్యామ్‌లను అడగండి.

దాచడం, రాసుకోవడం

వాల్వులు కాగితం డబ్బాల్లో, నిలబెట్టి, ఒకదానికొకటి తగలకుండా. విశాఖ, కాకినాడల్లాంటి చోట్ల ఉప్పు గాలికి పిన్నులు నల్లబడతాయి, సిలికా జెల్ సంచులు వెయ్యండి. డబ్బా మీద పేరొకటి, లోపలి వాల్వు ఒకటి అవడం మామూలు, కొన్నరోజే చూసుకోండి. నోటుబుక్కులో రకం, కంపెనీ, గాజు మీది కోడు, ఎక్కడ కొన్నారు, ఎంతకు, పరీక్షలో ఏమొచ్చింది రాయండి. చెడిపోయినదని తేలిన వాల్వుకు ఎర్ర స్టిక్కరు అంటించండి. లేకపోతే అదే మళ్లీ మంచి డబ్బాలోకి చేరుతుంది.

సెట్టు బాగుపడ్డాక పరీక్షకు ఆకాశవాణి మీడియం వేవ్ వెతకండి. పాత డయళ్ల మీద మీటర్లుంటాయి కాబట్టి హైదరాబాద్ 738 కిలోహెర్ట్‌జ్‌కు 406 దగ్గర, విజయవాడ 837కు 358 దగ్గర ముల్లు పెట్టాలి. పదడుగుల వైరు ఏరియల్‌గా కిటికీలోంచి వేలాడదీయండి. స్టేషన్ బదులు గరగర మాత్రమే వస్తే వెంటనే స్టేషన్లు సరిగ్గా పట్టేలా ముందే సర్దిన ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్ల స్క్రూలు తిప్పకండి. ఈ రోజుల్లో మీడియం వేవ్‌ని పాడుచేసేది ఎక్కువగా మన ఇంట్లోని ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు. ముందు అవన్నీ ఆపి వినండి, ఆ తర్వాత కూడా గరగర పోకపోతేనే మళ్లీ చాసిస్ బయటికి లాగండి.